నికెల్ కడ్డీ రెండో కొస

తమ్ముడు ప్రభాకర్‌ను సమాధి చేసిన సాయంత్రమే దేవపాలు ప్రొద్దుటూరులోని తన లేతు మిషన్ షెడ్డు తెరిచాడు. ఎన్నికల గొడవల్లో, పెద్దముడియం దగ్గర ఎవరి జీపు మీదో వేసిన బాంబుకు దారిన పోతున్న తమ్ముడు పోయాడు. దేవపాలుకు ఏడుపు రాలేదు. చేతులకు పని కావాలనిపించింది, అంతే.

సిమెంటు ఫ్యాక్టరీ బట్టీకి కావలసిన నికెల్ కడ్డీ మిషన్‌లో సగం కోతలో ఉంది. మహా మొండి మిశ్రలోహం. ఎర్రగా కాలినా మెత్తబడదు. కోసేచోట టూలు మొన నిప్పులా మండుతుంది గానీ, ఆ వేడి కడ్డీలో మూరెడు దూరం కూడా పాకదు. చీకటి పడేదాకా కోసి, మిషన్ ఆపి, దేవపాలు వెనక్కి వెళ్లి కడ్డీ రెండో కొస పట్టుకున్నాడు.

వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే పట్టుకుని వదిలినట్టుంది. ఆ కొస దగ్గర ఎప్పుడూ నిలబడేది ప్రభాకరే.

తల్లి రూతమ్మ వెతుక్కుంటూ వచ్చింది. "ఒక్కడివే ఈడ ఏం చేస్తాండావు నాయనా? రెండు మెతుకులు తిందువు రా."

"మా, ఇది ఒగసారి పట్టుకో."

ఆమె పట్టుకుంది. ఆమె వేళ్లు తెల్లబడుతున్నాయి.

"శానా కాలతాందా? తీసెయ్ మా."

రూతమ్మ తల అడ్డంగా ఊపింది. గొంతు మామూలుగానే ఉంది.

"వాడు నా చెయ్యి ఇడిసిపెట్టడంల్యా నాయనా."

దేవపాలుకు భయం కూడా వేయలేదు. స్టూలు తెచ్చి తల్లిని కూర్చోబెట్టాడు.