శనివారంలోగా తాగాల్సిన టీ

పుస్తకాల బైండరు చీటీ విప్పి చూసి, మళ్ళీ మడిచేశాడు.

"ఇది మార్చండి అయ్యగారూ," అన్నాడు పాస్టరుతో, గొంతు తగ్గించి.

ఆ సంఘంలో నెలకోసారి ఆరాధన అయ్యాక అందరి పేర్లూ రాసిన చీటీలు కానుకల సంచిలో వేస్తారు. ఎవరికి ఎవరి పేరు వస్తే వాళ్ళింటికి శనివారంలోగా వెళ్ళి టీ తాగి రావాలి. టీ తప్ప ఇంకేమీ పెట్టకూడదు, ఏమీ పట్టుకెళ్ళకూడదు. పక్కపక్కన నిలబడి పాటలు పాడేవాళ్ళు ఒకరి గుమ్మం ఒకరు తొక్కకపోతే అదేం సహవాసమని పాస్టరు పెట్టిన పద్ధతి.

పాస్టరు చీటీ అందుకుని చదివాడు. అందులో ఉన్నది వ్యాను డ్రైవరు పేరు. మూడేళ్ళ కిందట చూసుకోకుండా వ్యాను వెనక్కి తీసి, బైండరు కూతురి కాలు నుజ్జు చేసిన మనిషి. రెండు నెలలుగా అతనూ ఇదే సంఘానికి వస్తున్నాడు. ఆఖరి వరసలో కూర్చుంటాడు, చివరి పాట అవకముందే లేచి వెళ్ళిపోతాడు.

"మార్చడం ఎంత భాగ్యం," అన్నాడు పాస్టరు. "కానీ వచ్చే ఆదివారం ప్రభువు బల్ల, అందరం ఒకే రొట్టె పంచుకునే రోజు. రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల్లో తిరిగే పెద్ద మీరే. ఆఖరి వరసలో ఆయనకి పళ్ళెం అందిస్తారా, దాటేసి వస్తారా?"

బైండరు చీటీ వెనక్కి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

ఆ వారమంతా అతనికి పని మీద మనసు నిలవలేదు. బాగుచేయమని ఎవరో ఇచ్చిన పాత బైబిలుకి అట్ట తలకిందులుగా అతికించాడు. భార్య దాన్ని తెరిచి చూసింది.

"ప్రకటన గ్రంథం ముందుకొచ్చింది, ఆదికాండం వెనక్కి పోయింది. లోకం మీ చేతిలో పెడితే ఇంతే."

అతను నవ్వలేదు. "క్షమించమన్నాడు దేవుడు, సరే. ఎదురుగా కూర్చుని టీ కూడా తాగమన్నాడా?"

"నన్నడిగితే నేనేం చెప్పను? సంఘ పెద్ద మీరా, నేనా?"

"నువ్వయితే వెళ్తావా?"

ఆమె జిగురు గిన్నె మీద మూత పెట్టింది. "ఆ మనిషిని తలుచుకుంటేనే కడుపు రగిలిపోతుంది నాకు. అందుకే చీటీ నాకు రాలేదేమో."

కూతురు కిటికీ దగ్గర కూర్చుని కాగితాల మడతలు కుడుతోంది. చేతికర్ర గోడకి ఆనించి ఉంది.

"నీ కోసమేనమ్మా వెళ్ళనంటున్నది," అన్నాడు తండ్రి.

ఆ పిల్ల దారం పళ్ళతో తెంపింది. "నా పేరు చెప్పి మానేయకు నాన్నా. మానెయ్యాలనుంటే నీ పేరు మీదే మానెయ్యి."

ఆ మాట దబ్బనంలా దిగింది.

శనివారం సాయంత్రం బయల్దేరాడు. టీ మాత్రం ముట్టకూడదని దారిలోనే ఒట్టు పెట్టుకున్నాడు. వెళ్ళాననిపించుకుంటే చాలు.

తలుపు డ్రైవరే తీశాడు. చూసి, తలుపు రెక్క పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"చీటీ వచ్చింది," అన్నాడు బైండరు. "వచ్చాను. ఇక వెళ్తాను."

"వందనాలన్నా. లోపలికి రమ్మనే మొహం నాకు లేదు."

"లేదని నాకూ తెలుసు."

అయినా కాళ్ళు కదల్లేదు. మూడేళ్ళుగా గొంతులో ఇరుక్కున్న మాట అక్కడే, గుమ్మంలోనే బయటపడింది.

"ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, పిల్ల ఎలా ఉందని నన్నడిగావా?"

"అడగలేదన్నా." డ్రైవరు తల ఎత్తలేదు. "మీ వీధి మొదట్లోకి వచ్చి తిరిగిపోయేవాణ్ణి. మీ ఎదుట నిలబడే ధైర్యం చాల్లేదు. మిమ్మల్నే అడగాల్సింది. తప్పే."

ఏదో ఒక సాకు చెబుతాడనుకున్నాడు బైండరు. బ్రేకు పడలేదనో, ఎండ కళ్ళలో కొట్టిందనో. చెప్పి ఉంటే నాలుగు తిట్టి దిగిపోయేవాడు. తప్పేనని ఒప్పుకుని నిలబడ్డ మనిషిని ఏం చేయాలో అతనికి తోచలేదు. ప్రభువా, ఇలా ఇరికించావేమిటి అనుకున్నాడు.

లోపల స్టవ్వు దగ్గర డ్రైవరు భార్య నీళ్ళు మరిగిస్తోంది. చిన్న గది. ఒక బల్ల, మూడు కుర్చీలు, మేకుకి తగిలించిన యూనిఫాం చొక్కా. బైండరు లోపలికి నడిచి ఒక కుర్చీలో కూర్చున్నాడు. డ్రైవరు గోడ పక్కనే నిలబడ్డాడు.

"అలా నిలబడితే హోటలు సర్వరులా ఉన్నావు. కూర్చో."

డ్రైవరు కుర్చీ అంచున కూర్చున్నాడు.

"రేపు చివరిదాకా ఉండు," అన్నాడు బైండరు, ఎటో చూస్తూ. "పళ్ళెం ఆఖరి వరసకి వచ్చేసరికి కాస్త ఆలస్యమవుతుంది."

డ్రైవరు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

బైండరు చూపు తిప్పుకున్నాడు. గుండె మీద బరువు కాస్త దిగింది కానీ, ఇంకో బరువు వచ్చి కూర్చుంది. ఇంటికెళ్ళి కూతురికి ఏమని చెప్పాలి? కాలు పోయింది ఆ పిల్లది. క్షమించేసి వచ్చానని చెప్పడానికి తానెవరు? ఆ పిల్ల మనసు విరిగితే?

అంతలో డ్రైవరు భార్య టీ గిన్నె, కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టింది. మొగుడి వైపు ఒకసారి చూసి, చెంచా చేతిలోకి తీసుకుంది.

"గురువారం గురువారం వచ్చే మీ అమ్మాయికి వేసినట్టే, మీకూ సగం చెంచా పంచదార సరిపోతుందా అన్నయ్యా?"