రెండోసారి నొక్కని మీట

ఎంటర్ నొక్కిన మరుక్షణమే ల్యాబ్ అక్కకి తెలిసిపోయింది, కొంప మునిగిందని.

కంప్యూటర్ కోర్సు పిల్లలందరికీ ఆవిడ ల్యాబ్ అక్కే. ప్రాక్టికల్ పరీక్ష అయ్యాక ఆవిడ చేసే పనులు రెండు. అరవై కంప్యూటర్లలో పిల్లలు రాసిన ప్రోగ్రాములన్నీ తన కంప్యూటర్లోకి లాగడం మొదటిది. తర్వాతి బ్యాచ్ వాళ్ల కంట పడకుండా ఆ అరవైనీ తుడిచెయ్యడం రెండోది. రెంటికీ వేర్వేరు కమాండ్లు. అంత పొడుగు కమాండ్ రోజూ ఎవరు టైపు చేస్తారు? పైకి బాణం గుర్తున్న మీట నొక్కితే పాతవి ఒక్కొక్కటే తెర మీదకి వస్తాయి. ఒకసారి నొక్కితే నిన్న ఆఖరున చేసిన తుడుపు. రెండుసార్లు నొక్కితే లాగుడు.

ఇవాళ ఒక్కసారే నొక్కింది.

తెర మీద అంకెలు పరుగెత్తాయి. ఎలా ఆపాలో గుర్తొచ్చేసరికి అరవై కంప్యూటర్లూ తుడవడం పూర్తయింది.

ఆ తుడుపు ప్రోగ్రాం రాసింది ఎవరో కాదు, ఆవిడే. మామూలుగా చెరిపితే తెలివైన పిల్లలు మళ్లీ బయటికి తీస్తున్నారని, చెరిపిన చోటల్లా సున్నాలు నింపేలా రాసింది. అప్పట్లో స్టాఫ్ రూములో అందరూ తెగ మెచ్చుకున్నారు.

కేబుళ్లు చూసే బాబాయిని పిలిపించింది. ఆయన నాలుగు కంప్యూటర్లు విప్పి, గంటసేపు తంటాలుపడి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఏం రాశావమ్మా తల్లీ, ఒక్క ముక్క మిగల్లేదు” అన్నాడు. అందులో ఎగతాళి ఏమీ లేదు. అందుకే ఆవిడకి ఇంకా భయం వేసింది.

ఒంటిగంటకి పరీక్ష అయింది. మార్కులు వెయ్యడానికి ప్రోగ్రాములన్నీ డిస్కులో ఎక్కించి, కవర్లో పెట్టి, టేపు అంటించి, దాని మీద సంతకం చేసి నాలుగింటికల్లా హెడ్ సారు బల్ల మీద పెట్టాలి. పిల్లలు ఆయనకి పెట్టిన పేరు గడియారం. నిరుడు కవరు పది నిమిషాలు ఆలస్యమైన పాపానికి నెల్లాళ్లు ఆవిడతో ముభావంగా ఉన్నాడు. ఆవిడది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఈసారి పొడిగించే కాగితం కూడా ఆయన సంతకం కోసం ఆ బల్ల మీదే ఎదురుచూస్తోంది.

ఖాళీ డిస్కు పెట్టి ఇచ్చెయ్యమన్నాడు బాబాయి. తెరిచి చూసి అడిగితే, డిస్కు పాడైందనొచ్చట. డిస్కులు పాడవడం లోకంలో కొత్తా అన్నాడు. ఆవిడకీ ఆ మాట నచ్చింది. ఖాళీ డిస్కు కవర్లో పెట్టింది, టేపు అంటించింది, సంతకం చేసింది. సంతకం కాస్త వంకర పోయింది.

కానీ వరండాలో సెమికోలన్ నిలబడి ఉంది.

ఆ పిల్లకి ఆ పేరు ఊరికే రాలేదు. ప్రతి ప్రోగ్రాములోనూ వాక్యం చివర పెట్టాల్సిన ఆ చుక్కా కామా మర్చిపోయేది. ఇదే ప్రాక్టికల్ రెండుసార్లు తప్పింది. ఇదే ఆఖరి అవకాశం, ఇదీ పోతే కోర్సు వదిలెయ్యాల్సిందే. ఆరు వారాలుగా అందరూ ఇళ్లకి పోయాక కూడా ల్యాబులో కూర్చుని, కళ్లు ఎర్రబడేదాకా రాసిందే రాసింది. ఇవాళ పరీక్ష మధ్యలో ఆవిడ కొంగు పట్టుకుని మరీ లాగింది.

“అక్కా, ఒక్కసారి చూడు. నిజంగా పనిచేస్తోంది.”

పనిచేసింది. ఆవిడ కళ్లారా చూసింది. తెర మీద పేర్లన్నీ అక్షరక్రమంలో వరసగా నిలబడ్డాయి, ఒక్క తప్పు లేదు. ఇన్విజిలేటర్ గదమాయించేదాకా ఇద్దరూ ఆ తెరనే చూస్తూ ఉండిపోయారు.

“నేను పాసవుతానా అక్కా?” అంది ఇప్పుడు, కవరు వంక చూస్తూ.

పొద్దున్న అయితే ఆవిడ వెంటనే జవాబు చెప్పేది. ఇప్పుడు ఇంటికి వెళ్లమని మాత్రం చెప్పి మెట్లెక్కింది. ఉద్యోగం పోతే ఇంకో చోట వెతుక్కోవచ్చు. ఆ పిల్ల ఇంకో ఆరు వారాలు ఎక్కణ్నుంచి తెస్తుంది?

హెడ్ సారు గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన వెనక అద్దాల బీరువా. అందులో ఏడేళ్ల కవర్లు వరసగా పేర్చి ఉన్నాయి. అన్నిటి మీదా ఆవిడ సంతకమే, ఆవిడ అంటించిన టేపే, ఎక్కడా చిరుగు లేకుండా. గోడ గడియారంలో మూడూ యాభై ఎనిమిది.

“పెట్టెయ్యమ్మా, టైముకే వచ్చావు” అన్నాడు ఆయన, తల ఎత్తకుండా.

కవరు బల్ల మీద పెట్టింది. వెనక్కి తిరిగి తలుపు దాకా వెళ్లింది. అక్కడ ఆగిపోయింది.

“సార్, ఆ డిస్కు ఖాళీది” అంది. ఒకసారి మొదలుపెట్టాక ఇంక ఆగలేదు. మీట సంగతి, సున్నాల సంగతి, బాబాయి పేరు తప్ప అన్నీ చెప్పేసింది. తనని తీసేసినా పర్వాలేదంది. మళ్లీ పరీక్ష పెట్టమని, రాత్రనక పగలనక పనిచేసి తానే ఏర్పాట్లు చేస్తానని బతిమాలింది.

“నలభై రెండో నంబరు అమ్మాయి ప్రోగ్రాం మాత్రం పనిచేసింది సార్. నేను చూశాను. ఎవరి ముందైనా చెప్తాను. ఆ పిల్లని ఫెయిల్ చెయ్యకండి.”

ఆయన పెన్ను మూత పెట్టాడు. గోడ గడియారం వంక ఓసారి చూశాడు.

ఆయన కవరు తీసుకుని, బీరువా తెరిచి, మిగతావాటి పక్కన జాగ్రత్తగా సర్ది, “దీనికేనమ్మా ఇంత కంగారు, ఇవాళ్టి అరవై మంది మార్కులూ నేను నిన్న సాయంత్రమే పంపించేశానుగా” అన్నాడు.