స్తోయ్నా మానేసిన చుక్కలు

"ఆ చుక్కలు మానేయాలి," అంది డాక్టర్ తొనేవా.

"మానను," అంది స్తోయ్నా.

బల్గేరియాలో రొదోపి కొండల్లో పుట్టినవాళ్ళకి వలేరియన్ వేరు గురించి ఒకరు చెప్పక్కర్లేదు. ఆకులు రాలే కాలంలో తవ్వి, ఎండబెట్టి, రకియా సారాలో నానబెట్టి, రాత్రి భోజనం కాగానే చక్కెర బిళ్ళ మీద నాలుగు చుక్కలు వేసుకుని చప్పరిస్తే చాలు, మొద్దు నిద్ర. స్తోయ్నా కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ కంపుతోనే నిద్రపోయింది. ఊళ్ళో పిల్లులన్నీ ఆమె గుమ్మం ముందు మకాం పెట్టింది కూడా ఆ వాసనకే.

"మా అమ్మ తొంభై ఏళ్ళు బతికింది. రాత్రి చుక్కలేసుకుని తెల్లారేసరికి గడ్డికోతకి పోయేది. పొద్దుటికి ఒంట్లో ఏం మిగలదు డాక్టరమ్మా."

డాక్టరుకి ఓపిక ఎక్కువ. చుక్కలు పేగుల్లోంచి రక్తంలోకి త్వరగానే ఎక్కుతాయనీ, కాలేయం వాటిని విరగ్గొడుతుందనీ, మిగిలిన చెత్త మూత్రంలో పోతుందనీ, ఆ లెక్కన స్తోయ్నా అన్నది చాలావరకు నిజమేననీ ఒప్పుకుంది. కానీ మందు పోయినంత తేలిగ్గా అలవాటు పోదట. ఏళ్ళ తరబడి మరిగిన ఒళ్ళు ఉన్నట్టుండి మానేస్తే వణుకు, గుండెదడ. మానకుండా ఆపరేషన్ బల్ల ఎక్కితే మత్తు మీద మత్తు. అందుకని వారాల ముందు నుంచే కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పూర్తిగా ఆపేయాలంది.

"ఆ రోజు పొద్దున అడుగుతాం. వేసుకున్నానన్నారో, ఆపరేషన్ ఆపేస్తాం. మళ్ళీ ఎప్పుడంటే నేను చెప్పలేను."

ఆ తేదీ కోసం స్తోయ్నా కాళ్ళరిగేలా తిరిగింది. సోఫియా పెద్దాసుపత్రి కమిటీవాళ్ళు ఎవరైనా బలవంతపెడుతున్నారా అని మళ్ళీ మళ్ళీ అడిగితే, తనను బలవంతపెట్టే మగాడు ఇంకా పుట్టలేదని చెప్పి మరీ సంతకం పెట్టింది.

"సరే, మానతాను. మీరు చెప్పారని కాదు. ఆఫ్టరాల్ ఒక వేరు నన్ను ఆపిందంటే నాకు సిగ్గుచేటు."

చుక్కలు తగ్గేకొద్దీ నిద్ర పగబట్టింది. చేతులు వణికేవి, చెమటలు పట్టేవి. స్తోయ్నా ఆ వేరుని, దాన్ని పుట్టించిన కొండని, చివరికి నిద్రని కూడా నోరారా తిట్టుకుని, మంటలెత్తే కళ్ళతోనే బంగాళాదుంపల చేలోకి దిగేది.

కంచె అవతల నుంచి పొరుగింటి వెలికా ఊరుకోలేకపోయింది. అత్త పలుగు పట్టుకుంటే కోడలు రుమ్యానా రోజు విడిచి రోజు పట్నం బస్సెక్కడం, వచ్చి మంచమెక్కడం తను చూస్తూనే ఉన్నానంది. వండితే కూరలో ఉప్పైనా ఉండదని కూడా కలిపింది. "నీకు ఆపరేషన్ అవడం ఆవిడకి ఇష్టం లేదటగా స్తోయ్నక్కా? నువ్వు పోతే ఇల్లు తనదేగా."

"ఆ చప్పిడి కూర తినేది నేను. నీకెందుకే నొప్పి?" అని స్తోయ్నా పలుగు ఎత్తింది.

కానీ వెలికా విన్నది అబద్ధం కాదు. ఆ సాయంత్రమే, కొడుకు అసెన్ ఇంకా కలప లారీ దిగి ఇంటికి రాకముందే, రుమ్యానా పొగలు కక్కే వేరు కషాయం కప్పు తెచ్చి అత్త ముందు పెట్టింది. వాసనకి గుమ్మంలో పిల్లులు గోల మొదలెట్టాయి.

"ఎన్నాళ్ళయింది అత్తయ్యా మీరు పడుకుని. ఒక్కసారి తాగండి, రేపటికల్లా ఒంట్లోంచి పోతుంది."

"డాక్టరు అడిగితే? నేను అబద్ధమాడను. ఆపరేషన్ ఆగిపోతుంది."

"ఆగిపోవాలనే," అంది రుమ్యానా. ఆమె కళ్ళు అప్పటికే తడిసి ఉన్నాయి. "ఈ వయసులో మీకు ఆ కోత ఎందుకు? ఎలాగోలా నెట్టుకొద్దాం."

స్తోయ్నాకి ఒళ్ళు మండింది. కప్పు తీసి పూలకుండీలో గుమ్మరించింది.

"నా ఒళ్ళు నా ఇష్టం. వద్దనడానికి నువ్వెవతివే? మళ్ళీ ఈ కంపు ఇంట్లోకి తెచ్చావంటే నిన్నూ ఈ కుండీలోనే పాతిపెడతాను."

ఆపరేషన్ రోజు రానే వచ్చింది. ఆపరేషన్ గది తలుపు దాకా అసెన్ ఒక్కడే వచ్చి తల్లి చేతిని ముద్దుపెట్టుకున్నాడు. రుమ్యానా అక్కడ లేదు. వెలికా చూసి ఉంటే దానికీ ఓ మాట అనేసేది.

చుక్కలేమైనా వేసుకున్నారా అని మత్తు డాక్టరు అడిగితే, కావాలంటే వాసన చూసుకోమని స్తోయ్నా నోరు తెరిచి చూపించింది. అతను నవ్వి సూది సిద్ధం చేసుకున్నాడు. నర్సు మాత్రం బల్లెక్కిన ప్రతివాళ్ళనీ అడిగే ప్రశ్నలే వరసగా అడిగింది, పేరు, ఊరు.

"ఇవాళ మీకు ఏం చేయబోతున్నామో మీ నోటితో చెప్పండమ్మా."

"నా కిడ్నీ ఒకటి తీసి మా కోడలికి పెడుతున్నారు."