పద్నాలుగు నుంచి ఆరుకు

“ఊపిరి బిగబట్టకండి నర్సయ్యగారూ. ముక్కుతో మామూలుగా తీసుకోండి. గాలే కదా, పామేం కాదు,” అన్నాడు అనుదీప్, మాస్కు పట్టీ సరిచేస్తూ.

రాజనర్సయ్య కాసేపు ఓర్చుకుని, ఇక లాభం లేదని మాస్కు లాగి మంచం మీద పడేశాడు. “నాతోని కాదు సారూ. బావిల తల ముంచినట్టున్నది.”

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల వెనక సందులో రెండు గదుల ఇల్లు. మంచం పక్కన స్టూలు మీద మిషను బుస్సుమంటోంది. నిద్రలో నర్సయ్యకి గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది. మిషను గాలి తోసి ఆ దారి తెరిచి ఉంచాలి. రాత్రి నిద్ర సాగక పగలు కూర్చున్నచోటే కునుకు. కూర్చునేది అరుగు మీదైతే ఎవరికీ బాధ లేదు, నర్సయ్య కూర్చునేది స్కూలు బస్సు స్టీరింగు ముందు. ఓ పొద్దున పంజాగుట్ట సిగ్నల్లో పచ్చలైటు పడ్డా బస్సు కదల్లేదు. వెనకబండ్లన్నీ హారన్లు కొడితే గానీ మహానుభావుడికి మెలకువ రాలేదు. స్కూలువాళ్ళు తాళాలు లాక్కుని గేటు దగ్గర నిలబెట్టారు. నెల రోజులు మిషను వాడి రిపోర్టు బాగుంటే మళ్ళీ బస్సు, లేదంటే ఇక ఇంటికే అన్నారు.

అనుదీప్ కూతురు ధాత్రి వెళ్ళేదీ ఆ బస్సులోనే. కొత్త డ్రైవరు నవ్వడట. “నర్సయ్య తాత ఎప్పుడొస్తాడు నాన్నా?” అని రోజూ ప్రాణం తోడేస్తోంది. అందుకే అనుదీప్ పంజాగుట్టలో ఈ మిషన్లమ్మే తన కొట్టు వదిలి, పనిగట్టుకుని నర్సయ్య ఇంటికి వచ్చాడు.

నర్సయ్య భార్య రుద్రమ్మ టీ తెచ్చింది. నర్సయ్య బిస్కెట్లు ముంచుకుని తింటున్నాడు. ఆమె ఏమీ ముట్టలేదు.

“మీరు తాగరా అమ్మా?”

“శనివారం ఒక్కపొద్దు బిడ్డా.”

“ఒక్కపొద్దు నాదే సారూ,” నవ్వాడు నర్సయ్య. “నేను ఆకలికి ఆగ. గందుకే నా తరఫున ఆమె ఉంటది. దేవునికి ఎవరుంటే ఏంది, ఇంట్ల ఒకరుండాలె.”

పెట్టి పుట్టావయ్యా అనుకున్నాడు అనుదీప్. తన కోసం ఒక్కపూట తిండి మానమంటే భార్య రవళి గిన్నెలు విసిరేస్తుంది.

రుద్రమ్మ మంచం పక్కన నిలబడింది. “రిపోర్టు ఎట్ల వస్తది బిడ్డా?”

“మిషనే నా ఫోనుకు పంపుతుందమ్మా. రోజూ రాత్రంతా మాస్కు నడవాలి, అంతే. ఆ పూచీ మీది.”

“నా మీద ఇడిశిపెట్టు,” అన్నది రుద్రమ్మ.

మొదటి వారం రిపోర్టు చూసి అనుదీప్‌కి ఏడుపొక్కటే తక్కువ. అరగంటకే మాస్కు పీకేస్తున్నాడు. ఫోన్ చేసి రుద్రమ్మని కసిరాడు. “ఇలాగైతే బస్సు సంగతి మర్చిపోండమ్మా. వాళ్ళకి జాలీ గీలీ ఉండవు, రిపోర్టే చూస్తారు.”

ఆ రాత్రి నుంచి కథ మారిపోయింది. తెల్లవార్లూ మాస్కు. ఊపిరి ఆగడం దాదాపు లేదు. నాలుగు రోజులకి రుద్రమ్మే ఫోన్ చేసింది. “గాలి మస్తు కొడుతున్నది బిడ్డా. నోరు ఎండిపోతున్నది. జర తగ్గియ్యి.”

పద్నాలుగు మీదున్న గాలి ప్రెషర్ని అనుదీప్ కొట్లో కూర్చునే ఫోన్లోంచి పన్నెండు చేశాడు. రిపోర్టు చెక్కుచెదరలేదు. పదికి దింపాడు, అప్పుడూ బంగారమే. చివరికి ఆరుకు దింపి, మిషను రాసిచ్చిన డాక్టరుకు రిపోర్టు పంపితే ఆయన కూడా భేష్ అన్నాడు. ఇంత తొందరగా దారికొచ్చిన మనిషిని అనుదీప్ ఎన్నడూ చూడలేదు. సొంత బిడ్డకి ర్యాంకు వచ్చినట్టు, కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఆ రిపోర్టు తీసి చూపించాడు.

నెల నిండగానే తనే స్కూలుకు వెళ్ళాడు. మేనేజరు సంగీత నొసలు చిట్లించింది.

“గేటు దగ్గర ఇంకా కునుకుతూనే ఉన్నాడండీ.”

“గేటు దగ్గర ఊరికే నిలబడితే నాకైనా కునుకొస్తుంది మేడం. మిషను అబద్ధం చెప్పదు కదా. మా పాప కూడా ఆ బస్సులోనే వస్తుంది. నాకు భయం ఉండదా చెప్పండి?”

కన్నతండ్రే అంత మాటనేసరికి ఆమె రిపోర్టు ఫైల్లో పెట్టుకుంది. తాళాలు మళ్ళీ నర్సయ్య చేతికొచ్చాయి. కబురు విని ధాత్రి మంచమెక్కి గెంతింది. నెలనెలా రిపోర్టు మాత్రం పంపుతూ ఉండాలన్నారు. అదెంత పని అన్నాడు అనుదీప్.

సోమవారం బస్సు చూడాలని కొట్టు పెందలాడే తెరిచాడు. షట్టరు ఎత్తేసరికి రుద్రమ్మ నిలబడి ఉంది, చేతిలో సర్వపిండి డబ్బాతో.

“ఇయ్యాల బండెక్కిండు బిడ్డా. నీ కడుపు సల్లగుండ,” అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అనుదీప్ డబ్బా అందుకున్నాడు. ఓ సంసారాన్ని నిలబెట్టానని గర్వంగా ఉంది, ఎందుకుండదు?

అంతలో పసుపు బస్సు కొట్టు ముందు నుంచే పోయింది. కిటికీలోంచి ధాత్రి చెయ్యి ఊపింది. ఇతనూ రోడ్డు మీదకొచ్చి ఊపాడు. బస్సు ఫ్లైఓవర్ ఎక్కింది.

“ఇంకొకటి అడగాలె బిడ్డా,” అన్నది రుద్రమ్మ. “రిపోర్టు నెలనెలా పంపాలంటిరి గదా. గా మాస్కు పెద్దగైతున్నది, పక్కలకెల్లి గాలి పోతున్నది. జర చిన్నది ఉంటే ఇయ్యి.”

“చిన్నదా? నర్సయ్యగారి మొహం కొలిచే ఇచ్చాను కదమ్మా. ఆయనకి చిన్నదెలా పడుతుంది?”

రుద్రమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

“రోజూ పెట్టుకొని పండుకునేది నేనే గద బిడ్డా.”