చివరి కాగితం

డిటెక్టివ్ నవల పట్టుకొని పక్కింటి సుగుణమణి గుమ్మం ముందు నిలబడ్డాను. లోపలికి వెళ్లడానికి నాకు ఆ ఒక్క సాకే ఉంది.

"మళ్ల చివరి కాగితం లేదా, యిర్మియన్నా?" అని నవ్వింది.

"లేదు చెల్లే. ఖని బస్టాండు కాడ పాత పుస్తకాలమ్మేటోడు గిసుంటియే అంటగడుతుండు. జమీందారును ఎవలు చంపిన్రో తెలుస్తలేదు."

"నేనెప్పుడో సదివిన. కూసో, చెప్త."

చాయ్ పొయ్యి మీద పెట్టింది. నేను బొగ్గుబాయిలో రిటైరై, ఇంట్లో ఒక్కణ్ణే మిగిలాక, కూర్చోమన్నది ఆమె ఒక్కతే. ఆమె కూడా ఒక్కతే. భర్త బాయి పనిలో ఉండగానే పోయాడు.

"వంటోడే చంపిండు," అంది కప్పు అందిస్తూ. "ఆ రోజు వానిది ఫస్ట్ షిఫ్టు. రాత్రిపూట బంగళాల వానికేం పని? డ్యూటీ మార్చుకున్నడు. గక్కడనే దొరికిండు."

చాయ్ తాగబోయి ఆగాను. షిఫ్టులు మా బాయిల్లో ఉంటాయి గానీ, కొండ మీది జమీందారు బంగళాలో వంటవాడికి షిఫ్టేమిటి? ఈ పుస్తకం ఆమె చదవనే లేదు. బహుశా ఏదీ చదవలేదు.

"ఏందన్నా, గట్ల చూస్తవు?" అంది. గొంతులో బెదురు.

ఆ మాట అనేస్తే రేపటి నుంచి నాకీ గుమ్మం ఎక్కే పని ఉండదు.

"డ్యూటీ ఎవలతోని మార్చుకున్నడు చెల్లే?" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. "గదే అసలు కత!" అంటూ స్టూలు దగ్గరికి లాక్కుంది.

నేను కొంచెం ముందుకు వంగాను. పొద్దున నేనే చింపి చొక్కా జేబులో దాచిన కాగితం చప్పుడు కాకుండా, దాని మీద చెయ్యి పెట్టుకున్నాను.