నొక్కి కట్టిన మూట

ఆలూర్ రైతు సీతాబాయి తను తెచ్చిన గుడ్డమూటను బల్ల మీద విప్పింది. లోపల ఉడకబెట్టిన పసుపు కొమ్ములు. తడిసి నల్లబడ్డాయి.

"చూడు బిడ్డా. వానొస్తదని నీ యాపు చెప్పింది. ఎప్పుడు? వాన పడి ఎలిసినంక!"

వినీతకు తల కొట్టేసినట్లయింది. ఆర్మూర్‌లో తండ్రి పసుపు దుకాణంలో ఓ మూల కంప్యూటర్ పెట్టుకుని 'వాన కబురు' యాప్‌ను తయారు చేసింది తనే. పసుపు పదిహేను రోజులు ఆరుబయట ఎండాలి. వాన సంగతి ఇరవై నిమిషాల ముందు తెలిస్తే చాలు, రైతులు టార్పాలిన్ పట్టాలు కప్పుకుంటారు. వాన లెక్కలు ఎవరో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడుతున్నారు. అవి తెచ్చి ఫోన్లలో చూపించడమే యాప్ పని. ఆ పెట్టేది ఎవరో వినీత ఎన్నడూ ఆరా తీయలేదు. పెరట్లో బావి ఉంటే తవ్వినవాడి పేరు ఎవరడుగుతారు?

"మీ ఆలూర్ల సిగ్నల్ ఉండదక్కా. నేనేం జెయ్యాలె?"

"సగం పాయె. ఇంక సగం కల్లంలనే ఉన్నది. ఇయ్యాల మళ్ల మబ్బు పట్టింది. నువ్వు గిది సక్కజేసేదాంక నేనీడికెళ్లి లేవ."

అన్నట్టుగానే పసుపు బస్తా మీద కూర్చుంది.

అప్పుడే ఓ పెద్దాయన గడప దగ్గర నిలబడ్డాడు. దుమ్ము పట్టిన చెప్పులు, భుజాన గుడ్డ సంచి, చేతిలో కాగితాలు.

చేతిలో కాగితాలతో మనిషి దుకాణం మెట్లెక్కాడంటే ఆర్మూర్‌లో దానికి ఒకటే అర్థం.

"చందా అయితే నాయిన లేడు తాతా. రేపు రా."

"చందా కాదు బిడ్డా. ముప్కాల్ నుంచి వచ్చిన. గా వాన యాపు చేసింది నువ్వేనా?"

"అవు. నీ ఫోన్ల గూడ లేటొచ్చిందా?"

పెద్దాయన నవ్వాడు. "ఒక్కపారి లెక్కలు తెస్తే ఎంత బరువుంటది?"

"రెండు ఎంబీ." వినీత విసుగ్గానే చెప్పింది.

"నొక్కి కట్టియ్యమని సర్వర్‌ను అడుగుతున్నవా?"

"అడుగుడేంది? ఎట్లిస్తే గట్లనే తెచ్చుకుంటున్న."

"అడిగినోళ్లకు మూట గట్టిస్తది. అడుగనోళ్లకు కుప్ప పోస్తది. గదే జెప్పుదామని నేను..."

ఇంతలో వినీత ఫోన్ మోగింది. ఆమె అటు తిరిగి మాటల్లో పడింది. పెద్దాయన కాసేపు చూశాడు. చేతిలోని ఒక కాగితం వెనక రెండు వరుసలు రాసి, తూకంరాయి కింద పెట్టి, బస్సుకు వేళవుతోందని చెప్పి వెళ్లిపోయాడు. ఆమె కూర్చోమని కూడా అనలేదు.

"ఎవలాయన?" సీతాబాయి అడిగింది.

"ఏమో అక్కా. సలహాలకు పైసలైతయా, ఎవరైనా ఇస్తరు."

అయినా కాగితం చూసింది. మొదటి వరుస ఇంగ్లిష్‌లో ఉంది. జవాబును కుదించి పంపమని సర్వర్‌ను అడిగే మాట. రెండోది తెలుగులో ఉంది. ముసలాయన నీతివాక్యం కాబోలనుకుని అది చదవలేదు.

మొదటి వరుసను కోడ్‌లో చేర్చి నడిపింది.

తెర నిండా పిచ్చి గీతలు, ప్రశ్నార్థకాలు. ఒక్క ఊరి పేరూ లేదు.

"ఇగో, తాత మాటింటే గిట్లైంది!"

సీతాబాయి తొంగి చూసింది. "గిదేంది?"

"నొక్కి పంపుమని అడిగినం. గట్ల నొక్కుకుపోయే వచ్చింది."

"మరి ఇప్పినవా?"

"ఏంది?"

"మేం బీడీలు జుట్టే తునికాకు కట్ట ఎండి, అదుముకునే వస్తది బిడ్డా. నీళ్లల్ల నానబెట్టి, ఇప్పి, గప్పుడు కత్తెర పెడ్తం. కట్ట మీదనే కత్తెర పెడ్తే బీడీలైతయా?"

వినీత కాగితం మళ్లీ తీసింది. తెలుగు వరుస చదివింది.

'కట్టిన మూట వస్తుంది. విప్పిన తరువాతే చదువు.'

సిగ్గేసింది. వచ్చినదాన్ని ముందు విప్పి, ఆ తరువాతే చదివేలా నాలుగు వరుసలు రాసింది. రెండు ఎంబీల కుప్ప రెండు వందల కేబీల మూటయింది. తెర మీద ఊళ్లన్నీ చకచకా వచ్చాయి. కొత్త యాప్‌ను ముందు సీతాబాయి ఫోన్‌లో వేసి, వెంటనే మిగతా ఫోన్లన్నిటికీ పంపింది.

మధ్యాహ్నం రెండు గంటలకు ఆ ఫోన్ మోగింది. ఆలూర్‌లో ఇరవై నిమిషాల్లో వాన.

"మహేశ్వరీ! పట్టాలు గప్పుండ్రే, జల్ది!" సీతాబాయి కూతురికి ఫోన్ చేసి కేకేసింది.

మూడు కాకముందే కూతురు తిరిగి చేసింది. "మస్తు కొట్టిందమ్మా వాన. ఒక్క కొమ్ము గూడ తడ్వలే."

సీతాబాయి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గా పెద్దమనిషికి జర చాయన్న తాపియ్యకపోతిమి బిడ్డా" అంటూ లేచింది.

ఆ మాట వినీతకు గుచ్చుకుంది. పేరైనా దొరుకుతుందేమోనని కాగితాన్ని తిరగేసింది.

అది తనకే రాసిన ఉత్తరం.

'చిరంజీవి వినీతకు, ఈమెయిల్‌లో పంపిన రెండు ఉత్తరాలు నీవు తెరిచినట్టు లేదు. మూడోది నేనే తెస్తున్నాను. నీ యాప్ నాలుగు వందల ఫోన్లకు పది నిమిషాలకోసారి కుప్పలు మోస్తోంది. ఆ బరువుకు, వాన లెక్కలు పెట్టే మా ఇంట్లోని చిన్న సర్వర్ ఆగి ఆగి నడుస్తోంది. కబుర్లు ఆలస్యమయ్యేది అందుకే, సిగ్నల్ వల్ల కాదు. నీ యాప్‌ను ఆపేయడం నాకు ఒక్క మీట నొక్కే పని. కాని కల్లాల్లో పసుపు ఉంది కదా. - రఘునందన్, ముప్కాల్.'

వినీత చెప్పుల్లేకుండానే బస్టాండుకు పరుగెత్తింది. ముప్కాల్ బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

రెండేళ్లుగా ఒక్క పైసా అడగకుండా ఊరూరి వానను లెక్కగట్టి తనకు పంపుతున్న మనిషిని, ఆమె చందాకు వచ్చాడనుకుని గడప మీదే నిలబెట్టింది.