పక్కింటి తోటలో దీపాలు

"ఊరి కౌన్సిల్ ఆఫీసులో అనుమతి తీసుకున్నావా?" అని కంచె మీదుగా అడిగాడు ఎమ్రిస్.

పక్కింటి ఇద్వాల్ స్క్రూడ్రైవర్‌తోనే లేచి నిలబడ్డాడు. బేకరీలో రొట్టెలు కాల్చే మనిషి, తోటంతా సొంతంగా కరెంటు దీపాలు పెట్టుకున్నాడు. నలభై ఏళ్లు వైరింగ్ పని చేసి రిటైరైన ఎమ్రిస్‌కు అది మింగుడుపడలేదు. అంతకన్నా ఒళ్లు మండించేది, తన భార్య గ్వెండా నెల రోజులుగా టీ కప్పు పట్టుకుని ఆ తోటలోనే కూర్చోవడం.

"ఇంటి బయటికి కొత్త లైను లాగాలంటే ముందే చెప్పాలి. లేదంటే పీకించేస్తారు. ఫోన్ నేనే చేస్తాను."

"ముందే చెప్పానండీ. నిన్న ఆఫీసు వాళ్లు వచ్చి పరీక్షించి కాగితం ఇచ్చారు. వంక పెట్టడానికేమీ లేదన్నారు."

"నీకెవరు నేర్పారు?"

"గ్వెండా గారే. పార తగలకుండా వైరు ఎంత లోతున పాతాలో, షాక్ కొట్టకుండా ఏ స్విచ్ పెట్టాలో అన్నీ చెప్పారు. మీకెలా తెలుసని అడిగితే, మా ఆయన రోజూ భోజనాల దగ్గర చెప్పేవే కదా అన్నారు."

ఎమ్రిస్ ఇంట్లోకి వచ్చాడు. గ్వెండా బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

"నా మాటలు నువ్వు వినవనుకున్నాను."

"విన్నానని నాకూ తెలీదు. అతను అడిగాడు, గుర్తొచ్చాయి." ఆమె తలెత్తలేదు. "నువ్వెప్పుడూ చెప్పడమే గానీ, నన్నేమీ అడగలేదుగా."

ఎమ్రిస్ ఇంకో కత్తి తీసుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఒక దుంప చెక్కు తీస్తూ అడిగాడు.

"మన పెరట్లో నీకు దీపం ఎక్కడ కావాలి?"